నేను జీపు దిగలేదు

మొన్న మా ఆడబిడ్డ మనవరాలికి సంబంధం కుదిరిందన్న సంతోషంలో రెండు వైపుల వాళ్లమూ కలిసి మొజంజాహీ మార్కెట్‌కు ఐస్‌క్రీం తినడానికి వెళ్లాం. సీతాఫలాల కాలం. కప్పులు చేతుల్లో పట్టుకొని, ఆటోల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడక అరుచుకుంటూ మాట్లాడుకుంటున్నాం. కాబోయే వియ్యపురాలికి నన్ను చూపిస్తూ మా ఆడబిడ్డ, “గీమె మా పెద్దొదిన. శ్రీలంక పోయొచ్చింది, తెలుసా? గాడ ఏనుగుల మీద పరిశోధన చేసేటోళ్లు ఉంటరు గదా, గా దొరలందరికి వండిపెట్టొచ్చింది. మా వదిన చెయ్యి అసుంటిది” అంది. వియ్యపురాలు నా చేతుల వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపింది. నోట్లో చల్లటి ముద్ద ఉండగా నేను జవాబు చెప్పలేకపోయాను. దాన్ని మింగేలోపు మాట పట్టుచీరల మీదికి పోయింది.

నేను శ్రీలంకకు వంట చేయడానికి వెళ్లలేదు. ఏనుగులను చూడటానికి వెళ్లాను. ఊరికే చూసి రావడానికి కాదు, చూసి చెప్పే పని మీద, అక్కడి పరిశోధనలో వాలంటీరుగా, నా ఖర్చు నేను పెట్టుకొని వెళ్లాను. ఈ సంగతి మా వాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా నిలవడం లేదు కనుక రాసి పెడుతున్నాను. నాలాగా పెద్ద వయసులో రాయడం నేర్చుకున్నవాళ్లకు తెలుస్తుంది అందులోని సుఖం: మధ్యలో ఎవరూ చీరల మాట ఎత్తలేరు.

మొదటి నుంచీ చెప్పాలి. నేను పుట్టింది నాంపల్లిలో, రైలు స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న ఇంట్లో. ఆ ఇల్లు స్టేషనుకు అంత దగ్గరగా ఉండటమే నా చదువు సాగకపోవడానికి కారణమని చెబితే ఈ కాలం పిల్లలు నవ్వుతారు గానీ, నా ఈడు వాళ్లు నవ్వరు. బీదరు నుంచి వచ్చినా, వరంగల్లు నుంచి వచ్చినా, దవాఖాన పని మీద వచ్చినా, కోర్టు పని మీద వచ్చినా, పిల్లవాణ్ని పరీక్ష రాయించడానికి వచ్చినా, బంధువులు రైలు దిగి నేరుగా మా గుమ్మంలోకి వచ్చేవారు. మా నాన్న గుమాస్తా. ఆయనకు చుట్టాలంటే ప్రాణం, వాళ్లకు వండవలసింది మాత్రం మా అమ్మ. అమ్మకు ఉబ్బసం. పొగ దగ్గర కూర్చోలేక ఆమె దగ్గుతుంటే, ఇంటికి పెద్దపిల్లనని నన్ను బడి మాన్పించి పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. అప్పటికి నాకు పలక మీద ఓనమాలు కూడా సరిగా కుదరలేదు. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పైగా మెచ్చుకున్నారు. ఇంత చిన్నపిల్ల ఇంత రుచిగా వండిందా అని వచ్చిన ప్రతి చుట్టమూ నా తల నిమిరి వెళ్లేవాడు. మా నాన్న పొంగిపోయి, వచ్చే వారం మళ్లీ ఎవరినో పిలిచేవాడు. మెచ్చుకోలుతో మనిషిని ఎంతకాలం ఒకే చోట కూర్చోబెట్టవచ్చో నేను ఆ ఇంట్లోనే తెలుసుకున్నాను, కాకపోతే తెలుసుకున్నట్టు నాకే చాలా ఏళ్ల తరవాత గానీ తెలియలేదు.

పెళ్లయి అబిడ్స్‌కు వచ్చాను. పెద్ద పోస్టాఫీసు వెనక సందులో మా అత్తవారిల్లు, సందు చివర మా ఆయన గుండీలు, లేసులు, జిప్పులు అమ్మే దుకాణం. ఇంట్లో వాళ్లకే కాక దుకాణంలో పనిచేసేవాళ్లకు కూడా మధ్యాహ్నం అన్నం మా ఇంటి నుంచే వెళ్లేది. ఏళ్లు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్క ముచ్చట చెబుతాను. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు అందరం జూపార్కుకు వెళ్లాం. పులిహోర, గారెలు, పెరుగన్నం, అన్నీ నేనే పొద్దున్నే లేచి చేశాను. అక్కడ చెట్టుకింద దుప్పటి పరిచి, టిఫిను డబ్బాలకు కాపలా ఎవరైనా ఉండాలి కదా, కోతులు ఎత్తుకుపోతాయి, అని నన్ను కూర్చోబెట్టి అందరూ జంతువులను చూడటానికి వెళ్లారు. వాళ్లు తిరిగొచ్చి తిని, పొద్దుపోయిందని ఇంటికి బయలుదేరదీశారు. బస్సులో మా పెద్దవాడు ఏనుగు తొండం ఎట్లా ఊపిందో చెయ్యి ఊపి చూపించాడు. ఆ రోజు నేను చూసిన ఏనుగు ఆ చెయ్యే. ఊరేగింపుల్లో పూలు, జరీ గుడ్డలు కప్పుకొని నడిచే ఏనుగును డాబా మీద నుంచి చూశాను, కాదనను. కానీ గొలుసు చప్పుడు చేసుకుంటూ మనుషుల మధ్య నడిచే ఏనుగును చూస్తే చూసినట్టు ఉండదు. ముఖమంతా రంగులు పూసి, ఎవరి పని మీదో నడిపిస్తున్నట్టు ఉంటుంది.

అత్తగారు పోయాక, పిల్లలు ఎవరి సంసారాల్లో వాళ్లు పడ్డాక, కాచిగూడలో ఉండే మా చెల్లెలి కూతురు కాలేజీ దగ్గరని మా ఇంట్లో ఉండి చదువుకుంది. జంతుశాస్త్రం చదివేది. మధ్యాహ్నాలు ఖాళీగా ఉన్నప్పుడు నాకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. పుస్తకంతో కాదు, మొదట మా వరండాలో నుంచి కనబడే దుకాణాల బోర్డులతో. ఇంగ్లీషు పెద్దగా, ఉర్దూ పక్కన, తెలుగు కింద చిన్నగా ఉండే ఆ బోర్డులను కళ్లు చికిలించుకొని కూడబలుక్కునేదాన్ని. తరవాత ఆదివారాలు మా ఇంటి ముందు రోడ్డంతా పరుచుకునే పాత పుస్తకాల్లో నుంచి ఒక్కొక్కటీ తెచ్చుకొని చదివాను. బొమ్మల పుస్తకాలు, వంటలవి తప్ప, ఏవైనా. అలా తెచ్చుకున్న వాటిల్లో పిల్లల కోసం రాసిన ఏనుగుల పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని ఎంత చదివానంటే అట్ట ఊడిపోయింది.

ఆ పిల్లే పెద్దదై, పై చదువు మీద శ్రీలంకకు వెళ్లింది. అక్కడ అడవి ఏనుగులను గమనించే ఒక ప్రాజెక్టులో చేరింది. ఎండాకాలంలో వాలంటీర్లను తీసుకుంటారట, ఏ దేశం వాళ్లనైనా, ఏ వయసు వాళ్లనైనా, ఓపిగ్గా కూర్చొని చూడగలిగితే చాలట. ఫోనులో ఆ పిల్ల ఈ మాట నవ్వులాటకు అంది. నేను నవ్వలేదు, ఎప్పుడు రమ్మంటావని అడిగాను. మా ఇంట్లో పెద్ద గోలే జరిగింది. ఏనుగుల కోసం సముద్రం దాటాలా, జూపార్కు బస్సు మన ఇంటి ముందు నుంచే పోతుంది కదా అని మా ఆయన. ఈ వయసులో అడవిలో ఏమైనా అయితే ఎవరు మొయ్యాలని మా అబ్బాయి. మా కోడలు మాత్రం గుమ్మంలో నిలబడి, “పోనీయుండ్రి. ఇన్నేండ్లల్ల ఆమె ఏం అడిగింది మిమ్మల్ని?” అని ఒక్క మాట అని లోపలికి పోయింది. పాస్‌పోర్టు కాగితాల మీద వేలిముద్ర వెయ్యమని అక్కడి మనిషి సిరా డబ్బా జరిపితే, నేను కలం అడిగి తెలుగులో సంతకం పెట్టాను.

ఆ ప్రాజెక్టు క్యాంపు అడవి అంచున ఉంది. రేకుల కప్పు, రెండు గదులు, వెనక వంటకు ఒక పాక. పెద్దగా ఉన్నది ఒక సింహళ డాక్టరుగారు, ఏనుగుల మీద తల నెరిసిన మనిషి. దారులు తెలిసిన ఒక సింహళ ఆయన జీపు నడిపేవాడు. వాలంటీర్లలో ఇంగ్లండు నుంచి వచ్చిన రిటైరైన నర్సమ్మ ఒకామె, జర్మనీ నుంచి వచ్చిన భార్యాభర్తలు ఇద్దరు, తరవాత నేను. మా పిల్ల అందరికీ పని నేర్పేది. అక్కడ ఒక పాత చెరువు ఉంది. ఎండలకు చుట్టుపక్కల కుంటలన్నీ ఎండిపోతే ఏనుగులన్నీ మధ్యాహ్నం పొద్దువాలే వేళకు ఆ చెరువుకే వస్తాయి. గట్టు మీద ఒక పెద్ద చెట్టుకు మంచె కట్టారు. మంచె మీద కూర్చొని ఏ ఏనుగు వచ్చింది, ఎవరితో వచ్చింది, ఏం చేసింది అన్నది చూసి రాయడం పని. వానలు పడితే ఎక్కడ పడితే అక్కడ నీళ్లు దొరుకుతాయి కనుక అవి అడవంతా చెదిరిపోతాయి, ఇక ఆ ఏటికి చూడటం అయిపోయినట్టే.

మొదటి కొన్ని రోజులు మాకు శిక్షణ. ఏనుగులను ముఖం చూసి గుర్తుపట్టరట, చెవుల అంచులు చూసి గుర్తుపడతారట. ముళ్లకు చిరిగినవి, మడతపడ్డవి, చిల్లులు పడ్డవి, ఏ రెండు చెవులూ ఒకలా ఉండవు. ఫొటోలు ముందు పెట్టుకొని రోజూ పాఠం. నాకు ఇంగ్లీషు రాదు, మరి ఎట్లా రాస్తానని నేను బెంగపడ్డాను. జీపు నడిపే ఆయన సింహళంలో రాస్తాడు, నువ్వు తెలుగులో రాయి, నేను మార్చుకుంటాను అంది మా పిల్ల. ఆయన రాత చూశాను. మన అక్షరాలకు దూరపు చుట్టాల్లా గుండ్రంగా, ముచ్చటగా ఉంది. నాకు ధైర్యం వచ్చింది. మర్నాడు నన్ను మంచె మీదికి తీసుకుపోతామన్నారు. సరిగ్గా అప్పుడే క్యాంపులో వండే ఆమె, ఊళ్లో కూతురికి నొప్పులు వస్తున్నాయని కబురు రాగానే వెళ్లిపోయింది.

ఆమె తిరిగి వచ్చేదాకా వంతులు వేసుకుందామన్నారు. వంట పాకలో ఒక నల్లబల్ల మీద పేర్లు రాసి, డాక్టరుగారు అందరికీ చదివి వినిపించారు. మొదట నేను, తరవాత జర్మనీ దంపతులు, తరవాత నర్సమ్మ, ఆమె తరవాత మా పిల్ల. న్యాయమే. ఒక్కరోజే కదా అనుకున్నాను. ఇక్కడే నేను చేయకూడని పని చేశాను. బాగా వండాను.

మన వాళ్లు తప్ప వేరే ఎవరూ ఈ పొరపాటు చెయ్యరు. ఇంకెవరైనా అయితే ఏదో ఒక కూర ఉడకేసి పెట్టి చేతులు దులుపుకునేవారు. నాకేమో ఇంటి గడప దాటి వచ్చిన మనిషికి వండడమంటే చుట్టాలకు వండడమే, చెయ్యి దానంతట అదే అటు పోతుంది. ఊరి నుంచి తెచ్చిన మసాలా దినుసులు తీసి బగారా అన్నం చేశాను. పచ్చిపులుసు కలిపాను. ఆలుగడ్డలు వేయించాను. అక్కడి కొబ్బరితో పచ్చడి నూరాను. సాయంత్రం అందరూ ఆవురావురుమంటూ తిన్నారు. నర్సమ్మ లేచి వచ్చి నన్ను కౌగిలించుకుంది. డాక్టరుగారు వేళ్లు నాక్కున్నారు. మా పిల్ల గర్వంగా మా పెద్దమ్మ అని అందరికీ చెప్పుకుంది. మర్నాడు పొద్దున చూస్తే నల్లబల్ల మీద పేర్లన్నీ తుడిచేసి ఉన్నాయి. వాటి స్థానంలో చాక్‌పీసుతో ఒక నవ్వు ముఖం, దానికి నాలాగే కొప్పు, బొట్టు.

అందరూ ఎంతో ప్రేమగా నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను, నవ్వినవాళ్ల ముఖం మీద కాదని చెప్పడం నేను ఎక్కడా నేర్చుకోలేదు. ఆ మధ్యాహ్నం జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోతే గరిటె చేతిలో పట్టుకొని నిలబడ్డాను. అలా రోజులు గడిచాయి. వాళ్లు వచ్చి చేతులు ఊపుతూ చెప్పేవారు, ఇవాళ ఇంతమంది వచ్చారు, ఇట్లా నీళ్లు చల్లుకున్నారు అని. ఒకరోజు అప్పుడే పుట్టిన ఏనుగు పిల్ల ఒకటి తల్లి కాళ్ల మధ్య తడబడుతూ వచ్చిందట. మా పిల్ల కెమెరా తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. నా చేతులకు వంకాయల కనరు అంటి ఉండటం వల్ల నేను దాన్ని ముట్టుకోలేదు. ఆ చిన్న తెర మీద బూడిదరంగు మచ్చలా ఏదో కదిలింది. బస్సులో మా పెద్దవాడు ఊపి చూపించిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం పడమటి వైపు ఆకాశంలో మొదటి మబ్బు తునక కనబడింది. జీపు నడిపే ఆయన దాన్ని చూసి, వేళ్లు ఆడించి, వాన అని నాకు సైగ చేశాడు.

మర్నాడు పొద్దున ఉల్లిపాయలు కోస్తూ మా పిల్లతో అన్నాను, ఇవాళ నేను మంచె మీదికి వస్తానని.

“పెద్దమ్మా, గాడ నిచ్చెన ఎక్కాలె. నీ మోకాళ్ల సంగతి నీకు ఎర్కనే గదా. మళ్ల గంటలకు గంటలు సప్పుడు చెయ్యకుండ కూసోవాలె. ఈడ నువ్వుంటే అందరికి నిమ్మళం.”

“అందరికి నిమ్మళమే. నాకో?”

“నీకేమైంది? ఎంత మెచ్చుకుంటున్నరు అందరు!”

“మెచ్చుకునుడు నాకు కొత్తనా బిడ్డా? నాంపల్లిల గూడ మెచ్చుకున్నరు.”

“ఏనుగులు యాడికి పోతయ్ పెద్దమ్మా? గా వంటామె రానీ, ఆరాంగ జూద్దువు.”

“ఆమె వచ్చేదానికంటె ముందు వానొస్తది. నువ్వే గదా చెప్పినవ్, వానొస్తే ఇవి చెదిరిపోతయని.”

ఆ పిల్ల నా భుజం తట్టి వెళ్లింది. ఆ తట్టడం చూస్తే నాకు ఒళ్లు మండింది. నా కంటే వయసులో ఎంతో చిన్నది, నేను ఎత్తుకొని తిప్పిన పిల్ల, నాకు అక్షరాలు నేర్పిన పిల్ల, నాకు ఏది తేలికో అదే నాకు మంచిదని నిర్ణయించేసి వెళ్లింది. చెడ్డ మనసుతో కాదు. నన్ను ఎవరూ ఎప్పుడూ చెడ్డ మనసుతో వంటింట్లో ఉంచలేదు, అందుకే అందులోంచి బయటపడటం అంత కష్టమైంది.

మధ్యాహ్నం భోజనాలు కాగానే చేతులు కడుక్కున్నాను. మట్టిరంగు చీర కట్టుకొని, కుచ్చిళ్లు ఎత్తి దోపి, కాన్వాసు బూట్లు తొడుక్కొని, నా రాసుకునే అట్ట, నా పెన్సిలు తీసుకొని, అందరికంటే ముందు వెళ్లి జీపులో కూర్చున్నాను. పొయ్యి వెలిగించలేదు. బియ్యం నానబెట్టలేదు. ఒక్కొక్కరే వచ్చారు. నర్సమ్మ నన్ను చూసి సంతోషించి పక్కన కూర్చుంది. డాక్టరుగారు వచ్చి, ఆగి, టోపీ తీసి, మా పిల్లతో ఏదో అన్నారు.

“పెద్దమ్మా, రాత్రి తిండి సంగతేందని అడుగుతున్నరు సారు.”

“నల్లబల్ల మీద నా తర్వాత గా మొగుడుపెండ్లాలు ఉండె. ఆళ్ల తర్వాత నర్సమ్మ. ఆమె తర్వాత నువ్వు. అందరి వంతు నేనే చేసిన. ఇయ్యాల వంతు నీది, నీ పేరు తుడిచింది ఎవరు?”

“గది ఊకెనే, పరాచికానికి...”

“తినేటోళ్లే వండుకుంటరని చెప్పు మీ సారుకు. ఒక్క ముక్క ఇడువకుండ చెప్పు.”

“అందరి ముంగట నా పరువు తీస్తున్నవ్ పెద్దమ్మా. దిగు, నీకు దండం పెడత.”

“నీ పరువు వంటింట్ల ఉన్నదా బిడ్డా? మరి నాది గూడ ఆడ పెట్టకు.”

నేను జీపు కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాను. ఎవరైనా నన్ను లాగుతారని కాదు, నాకు నేనే దిగిపోతానేమోనని. నలుగురూ నా వైపు చూస్తుంటే దిగి వాళ్లకు కావలసింది చేసిపెట్టడం నా ఒంటికి అంతగా అలవాటు. జీపు నడిపే ఆయన ఇంజను వేసి మళ్లీ ఆపాడు. ఎండ పడమటికి తిరిగింది. చెరువు దగ్గర వేళ దాటిపోతోందని డాక్టరుగారు గడియారం చూసుకున్నారు. మా పిల్ల ఆయనకు నా మాట ఒక్క ముక్క విడవకుండానే చెప్పినట్టుంది, ఎందుకంటే ఆయన టోపీ పెట్టుకొని, మా పిల్ల వైపు తిరిగి నెమ్మదిగా తల ఊపారు. జీపులో చోటు అందరికీ ఉంది. వంటకు మాత్రం ఒకరు ఉండాలి. ఆ వంతు ఆ పిల్లది. ఏనుగులే ప్రాణంగా బతికే పిల్ల, తన మెడలోని బైనాక్యులరు తీసి నా ఒళ్లో పడేసి, వెనక్కి చూడకుండా వంట పాకలోకి వెళ్లిపోయింది. పాత్ర ఒకటి గట్టిగా మోగింది. జీపు కదిలింది.

నా భాష తెలిసిన మనిషి జీపులో ఒక్కరూ లేరు. నిచ్చెన మెట్టుమెట్టుకూ ఆగి ఎక్కాను, జీపాయన కింద నుంచి నా పాదాలను మెట్ల మీద సర్దాడు. మోకాళ్లు నొప్పి పెట్టాయి. పెట్టనీ అనుకున్నాను. ఇంట్లో పీట మీద కూర్చున్నప్పుడు మాత్రం పెట్టవా? మంచె మీద నాకు ఎడమ వైపు చోటు ఇచ్చారు. చాలాసేపు ఏమీ జరగలేదు. నీళ్లు, కొంగలు, ఎండకు పగిలిన బురద. చూస్తూ చూస్తూ కిందికి చూసుకుంటే నా కుడిచేతి వేళ్లు ఊరుకోకుండా చీర కుచ్చిళ్ల మీద ఏదో ఏరుతున్నాయి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు. వాటిని ఎడమచేత్తో పట్టుకొని ఆపాను. ఆగడానికి కొంత సమయం పట్టింది.

తరవాత అవి వచ్చాయి. అంత పెద్ద శరీరాలు వస్తుంటే చప్పుడు వస్తుందని అనుకున్నాను, రాలేదు. చెట్ల మధ్య నీడలాగా ఉన్నది ముందుకు వచ్చి ఏనుగు అయింది, దాని వెనక నీడ మరొక ఏనుగు అయింది. ముందు నడుస్తున్న ముసలిదాని ఎడమ చెవి కింది అంచున బాదంకాయంత చీలిక ఉంది. ఫొటోలో చూసిందే. అట్ట మీద తెలుగులో రాశాను: చీలిక చెవి ఆడది, ముందు వచ్చింది. వెనక ఇద్దరు ఆడవాళ్లు, తోక వెంట్రుకలు లేనిది ఒకటి. కాళ్ల మధ్య పిల్ల. పిల్ల అంటే ఆ కెమెరాలో మచ్చలా కనబడిందే. తొండం ఎట్లా వాడాలో దానికి తెలియదు, నోరు నేరుగా నీళ్లలో పెట్టి తాగింది. అవి దుమ్ము చల్లుకున్నాయి, ఒకదాన్నొకటి ఒరుసుకొని నిలబడ్డాయి, చాలాసేపు ఏమీ చెయ్యకుండా నిలబడ్డాయి కూడా. నర్సమ్మ కళ్లు తుడుచుకోవడం చూశాను. నేను ఏడవలేదు. ఏడిస్తే మసకబారి సరిగా కనబడదని.

ఆ ముసలి ఏనుగును చూస్తే నీకు నువ్వే గుర్తొచ్చావా అని తరవాత ఊళ్లో చాలామంది అడిగారు. లేదు. అది ఏనుగు. దానికి నాతో పని లేదు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. పుట్టిన దగ్గర నుంచి నేను తలెత్తి ఎవరి వైపు చూసినా వాళ్లకు ఏదో ఒకటి కావలసి ఉండేది, మంచినీళ్లో, చాయో, ఇంకో ముద్ద అన్నమో. అంత సేపు, అన్ని కళ్లు ఉన్న చోట కూర్చొని, నన్ను ఎవరూ ఏమీ అడగకపోవడం నాకు అదే మొదలు.

తిరిగి వచ్చేసరికి మా పిల్ల వండి పెట్టింది. అన్నం పలుకుగా ఉంది, పప్పు అడుగంటింది, ఉప్పు ఎక్కడ ఉందో దానికే తెలియాలి. అందరూ పెట్టింది తిన్నారు. నేనూ తిన్నాను. లేచి వెళ్లి కాస్త పోపు వేసి, చింతపండు పిండి దాన్ని బాగుచెయ్యమని చెయ్యి లాగింది. లాగనిచ్చాను, లేవలేదు. మర్నాడు నల్లబల్ల మీద పేర్లు మళ్లీ వచ్చాయి, డాక్టరుగారి పేరుతో సహా. నా వంతు వచ్చిన రోజు వండాను. బాగానే వండాను, చెడగొట్టి వండడం నాకు చేతకాదు. వంతు కాని రోజున మాత్రం ఎవరు ఎంత పొగిడినా ఆ పాకలో అడుగు పెట్టలేదు. మా పిల్ల కొన్నాళ్లు నాతో ముభావంగా ఉంది. ఒక మధ్యాహ్నం మంచె ఎక్కి వచ్చి, “జర జరుగు పెద్దమ్మా” అంది. జరిగాను. ఇద్దరం ఒకే బైనాక్యులరుతో వంతులుగా చూశాం. ఆ తరవాత నాలుగైదు మధ్యాహ్నాలు దక్కాయో లేదో, వాన వచ్చింది. ఏనుగులు వెళ్లిపోయాయి. నేను ఇంటికి వచ్చాను.

హైదరాబాదుకు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల మా వాళ్లకు మురిపెంగా చెబుతుంది, పెద్దమ్మ లేకుంటే ఆకలికి సచ్చేటోళ్లం అని. ప్రేమతోనే చెబుతుంది. అదే అందరికీ గుర్తుండిపోయింది. ప్రేమతో చెప్పినా అది జరిగినదానిలో సగమే, మిగతా సగం నేను రాశాను. ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనీ. ఆ మధ్యాహ్నం దిగి ఉండవలసిందేమో అని నాకు ఈనాటికీ ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఈమధ్య మా పిల్ల ఫోను చేసి ఒక కొత్త సంగతి చెప్పింది. చెరువు చుట్టూ చెట్లకు ఇప్పుడు కెమెరాలు కట్టారట. ఏది కదిలినా వాటంతటవే ఫొటో తీస్తాయట. పగలూ రాత్రీ, వానైనా ఎండైనా, ఒక్క ఏనుగూ లెక్క తప్పదట. వాలంటీర్లు క్యాంపులో కూర్చొని కంప్యూటర్లో చూసుకుంటారు. మంచె పలకలు ఊడదీశారు. నాకు కొన్ని ఫొటోలు పంపింది. చాలా బాగున్నాయి, చెవుల అంచులు నా కళ్లకు కూడా ఇంత స్పష్టంగా కనబడలేదు. చీలిక చెవిది వాటిల్లో ఉందేమోనని పెద్దవి చేసి చూశాను. లేదు. అడిగితే, రెండు ఎండాకాలాలుగా అది రావడం లేదంది.

లెక్కకు కెమెరాలే మేలు, నేను కాదనను. ఏనుగులకు కూడా తేడా ఉండదు. నేను చూసిన రోజూ నీళ్లు తాగి వెళ్లాయి, ఎవరూ చూడని రోజూ తాగి వెళ్తాయి. ఆ చెట్టు మీద ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదన్నదే నాకు దిగులు. ఒక ఆడమనిషి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకొని గంటల తరబడి కదలకుండా కూర్చుంటే, దాన్ని కూడా పని అన్న చోటు, నాకు తెలిసినంతలో అదొక్కటే ఉండేది.